ఎవరు రాసిన కాగితం, ఎప్పటి కాగితం?

ప్రశ్న: మాస్టారూ, మేం సూరత్‌లో లింబాయత్‌లో ఉంటాం. అమ్మానాన్నలది పాత నల్లగొండ జిల్లా, భువనగిరి దగ్గర పల్లె. 1985లో మరమగ్గాల పనికి ఇక్కడికొచ్చారు. నాన్న ఆరేళ్ల కింద పోయారు. ఓటర్ల జాబితా సవరణ అన్నప్పటి నుంచి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. అమ్మ ఆధార్‌లో పుట్టిన తేదీ 01-01-1968. ఓటరు కార్డు లెక్కన చూస్తే 1964. రేషన్ కార్డులో ఇంకో వయసు. పేరు కూడా ఒకచోట బాలమణి, ఒకచోట బాలమ్మ. ఒక కాగితంలో పుట్టింటి ఇంటిపేరు, మిగతావాటిలో అత్తింటిది. ఎప్పుడు పుట్టావమ్మా అంటే "జై తెలంగాణ లొల్లి నాటికి నాకు మూడేండ్లు" అంటుంది. ఊళ్లో రెండో తరగతి దాకా చదివిందట. నేను 1988లో ఇక్కడి ఆసుపత్రిలో పుట్టాను. సర్టిఫికెట్ ఉంది కానీ అందులో నా పేరు లేదు, ఆడశిశువు అని మాత్రం ఉంది. తమ్ముడు 1991లో అమ్మమ్మ ఇంట్లో పుట్టాడు, వాడికి పదో తరగతి మెమో ఒక్కటే ఉంది. వయసుకు ఏ కాగితం చెల్లుతుంది? పౌరసత్వానికి ఏది చెల్లుతుంది? అసలు ఏది చెల్లాలి? అరవై ఏళ్లు ఈ దేశం దాటి అడుగు పెట్టని అమ్మ ఈ దేశం మనిషినని ఇప్పుడెందుకు చూపించుకోవాలి?
– ఒక పాఠకురాలు, సూరత్

జవాబు:

అమ్మా, మీ ఉత్తరంలో అడిగినవన్నీ ఒక్కొక్కటే చెప్తాను. ముందు మాత్రం ఇంట్లో అందరికీ కాస్త నిద్ర పట్టే మాట. కాగితాలు వెతకడం కంటే ముందు పాత ఓటర్ల జాబితా వెతకండి. ఎన్నికల సంఘం 2025 అక్టోబర్ 27న ప్రకటించిన రెండో విడత ప్రత్యేక సవరణలో గుజరాత్ ఉంది. ఆ ప్రకటన ప్రకారం ఫారం నింపి ఇచ్చేటప్పుడు ఏ పత్రమూ జతచేయనక్కర్లేదు. 2002-04 మధ్య జరిగిన గత సవరణ జాబితాలో మీ అమ్మగారి పేరు ఉంటే, ఆ వివరం ఫారంలో రాస్తే చాలు. మీ అమ్మానాన్నలు 1985 నుంచి అక్కడే ఉన్నారు కనుక ఉండే అవకాశమే ఎక్కువ. మీకూ మీ తమ్ముడికీ అప్పటికి ఓటు వయసు రాలేదు. మీరిద్దరూ ఆ జాబితాలో అమ్మానాన్నల పేర్లున్న వరుసను చూపి మీ పేరు దానికి ముడి వేసుకోవచ్చు. నాన్నగారు పోయినా ఆ పాత జాబితాలో ఆయన పేరు మీకు పనికొస్తుంది. సూరత్ జాబితాలో దొరక్కపోతే సొంతూరి జాబితా చూడండి. ఏ రాష్ట్రంలోని పాత జాబితా అయినా లెక్కలోకి తీసుకుంటారు. పాత జాబితాతో ముడి కుదరనప్పుడు, లేదా వివరాలు పొసగనప్పుడు నోటీసు వస్తుంది. పత్రాలు చూపాల్సింది అప్పుడే.

ఆ ముడి కుదిరినా మీ ప్రశ్నలు మాత్రం అలాగే ఉంటాయి. ఇవాళ ఓటు, రేపు పింఛను, ఎల్లుండి పాస్‌పోర్టు. ప్రతిచోటా ఇదే గొడవ.

వయసు, పౌరసత్వం వేర్వేరు సంగతులు. చాలామంది ఈ రెంటినీ ఒకే కాగితంలో వెతికి తికమక పడుతున్నారు. ముందు వయసు సంగతి చెప్తాను, ఎందుకంటే అందులో నా చెయ్యి కూడా ఉంది.

నేను ముప్పై ఏళ్లకు పైగా బడిపంతులుగా పనిచేశాను. అడ్మిషన్ రిజిస్టరు నా చేతుల మీదుగా నడిచింది. జూన్ నెలలో తండ్రులు పిల్లల్ని చేతపట్టుకుని వచ్చేవాళ్లు. పుట్టిన తేదీ అడిగితే "సాగర్ నీళ్లు ఇడిసిన యేడు", "మా పెద్దాయన పోయిన కార్తీకం" అనేవాళ్లు. నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో అని నాకు తెలుసు కనుక ఆ సంవత్సరం వరకు సరే. తేదీ, నెల ఎక్కణ్ణుంచి తేవాలి? పిల్లవాణ్ణి కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోమనేవాళ్లం. చెవి అందితే అయిదేళ్లు నిండినట్టు. అంది, ఒకటో తరగతిలో చేరితే, జూన్‌కు అయిదేళ్లు పూర్తయ్యేలా ఒక తేదీ వేసేవాళ్లం. మా తరం పంతుళ్లు చేర్చుకున్న పిల్లల పుట్టినరోజులు అంతంత మంది జూన్‌లోనే ఎందుకు ఉన్నాయో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది.

1981లో ఒక తండ్రి ఇద్దరు కొడుకుల్ని ఒకే రోజు తెచ్చాడు. పెద్దవాడు అప్పటిదాకా గొర్ల వెంట తిరిగాడు, ఏడేళ్లు ఉంటాయి. చిన్నవాడికి అయిదున్నర. ఇద్దర్నీ ఒకటో తరగతిలోనే కూర్చోబెట్టాలి కదా అని ఇద్దరికీ ఆ తరగతికి తగిన వయసు వేశాను. అన్నదమ్ముల మధ్య నాలుగు నెలల తేడా వచ్చింది. అప్పుడు గమనించలేదు. ఇరవై ఏళ్ల తర్వాత వాళ్లిద్దరూ మస్కట్ పోదామని పాస్‌పోర్టుకు పెట్టుకుంటే, ఒకే తల్లికి నాలుగు నెలల తేడాతో ఇద్దరు ఎలా పుట్టారని అడిగారు. పెద్దవాడి దరఖాస్తు ఆగిపోయింది. వాడు నా ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడి "సార్, ఆ రాత మీదేనట" అన్నాడు. అవును, నాదే. నేను వెళ్లి రాతపూర్వకంగా చెప్పి వచ్చాను. అయినా వాడికి పోవాల్సిన పని పోయింది. ఆ సంగతి ఇప్పటికీ నన్ను కలుక్కుమనిపిస్తుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, కాగితం మీద ప్రభుత్వ ముద్ర ఉన్నంత మాత్రాన అందులో రాసినది నిజమైపోదు. దాన్ని ఎవరు రాశారు, ఎవరు చెప్తే రాశారు, ఆ చెప్పినవాళ్లకు ఆ సంగతి తెలుసా, ఎప్పుడు రాశారు – ఈ నాలుగూ చూడాలి. ఇది నా సొంత తీర్పేం కాదు. రాజస్థాన్‌కు చెందిన ఒక ఎన్నికల వివాదంలో సుప్రీంకోర్టు 1988లోనే ఈ మాట చెప్పింది. స్కూలు రిజిస్టరును సాక్ష్యంగా చూడొచ్చు గానీ, ఆ తేదీ చెప్పిందెవరో, వాళ్లకు ఎలా తెలుసో తేలకపోతే దానికి బరువు లేదని.

ఈ కొలతతో చూస్తే, బిడ్డ పుట్టిన కొద్ది రోజుల్లో ఆసుపత్రివాళ్లు రాయించిన జనన నమోదును మించింది లేదు. అప్పుడే పుట్టిన బిడ్డ వయసు ఎక్కువ తక్కువ చెప్పి ఎవరికీ లాభం ఉండదు. పుట్టుకను నమోదు చెయ్యాలని చట్టం 1969 నుంచీ చెప్తోంది, ఇప్పుడు 21 రోజుల్లోపు అయితే ఉచితం. 2023లో ఆ చట్టాన్ని సవరించి, ఆ ఏడాది అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి, డ్రైవింగ్ లైసెన్సుకు, ఓటుకు, ప్రభుత్వ ఉద్యోగానికి అన్నిటికీ జనన ధ్రువపత్రాన్నే ఆధారం చేశారు. ఆ తేదీ నుంచి పుట్టినవాళ్లకు పాస్‌పోర్టులోనూ అంతే. అంతకు ముందు పుట్టినవాళ్లకు పాస్‌పోర్టు విషయంలో టీసీ, పదో తరగతి సర్టిఫికెట్, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు కార్డు, ఎల్ఐసీ బాండు లాంటివి ఇప్పటికీ చెల్లుతాయి. నాకు ఇది న్యాయంగానే తోస్తుంది. ఇప్పుడు పుట్టే పిల్లల దగ్గర గట్టి కాగితం అడగొచ్చు, ఎందుకంటే అది పుట్టించే ఏర్పాటు ఇప్పుడుంది. అది లేని కాలంలో పుట్టినవాళ్లను అదే అడగడం అన్యాయం.

ఒక్కో చట్టానికి ఒక్కో వరుస కూడా ఉంది. నేరం చేశాడన్న పిల్లవాడు మైనరా కాదా అని తేల్చడానికి 2015 నాటి బాలల న్యాయ చట్టం ముందు స్కూలు పత్రాన్ని లేదా పదో తరగతి సర్టిఫికెట్‌ను చూడమంటుంది. అవి లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీలు ఇచ్చే జనన ధ్రువపత్రం. రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఈ వరుసలో ఆధార్ ఎక్కడా లేదు. 2024 అక్టోబర్‌లో ఒక రోడ్డు ప్రమాదం కేసులో, చనిపోయిన మనిషికి ఆధార్ ప్రకారం 47 ఏళ్లు, బడి పత్రం ప్రకారం 45. పరిహారం లెక్కలో 45 అయితే 14తో, 47 అయితే 13తో హెచ్చవేస్తారు. అంటే ఆ కుటుంబానికి ఒక ఏడాది సంపాదన తేడా. సుప్రీంకోర్టు బడి పత్రాన్నే తీసుకుంది, ఆధార్ వయసుకు రుజువు కాదని చెప్పింది.

మీ అమ్మగారి ఆధార్ మీది 01-01-1968 సంగతి కూడా ఇక్కడే తెలిసిపోతుంది. నమోదు చేసే రోజు "సుమారు నలభై మూడు, నలభై నాలుగు ఉంటాయి" అని ఎవరో చెప్పి ఉంటారు. పత్రం లేకుండా వయసు మాత్రం చెప్తే సంవత్సరం లెక్కగట్టి జనవరి 1 అని పడేది. ఈ దేశంలో కోట్లమంది పెద్దవాళ్లు ఒకే రోజున పుట్టినట్టు కనిపించడం అందువల్లే. అది మీ అమ్మగారి తప్పు కాదు, అబద్ధం చెప్పినట్టూ కాదు. తేదీ దిద్దించాలంటే ఆధార్‌లో సాధారణంగా ఒక్కసారే అవకాశం ఇస్తారు. కాబట్టి చేతిలోకి పాత ఆధారం ఒకటి వచ్చేదాకా తొందరపడి దాన్ని వాడెయ్యకండి.

ఇక పౌరసత్వం.

ఇందులో అందరూ మరిచిపోయే సంగతి ఒకటుంది. పుట్టుకతో పౌరులైనవాళ్లకు ఈ దేశం పౌరసత్వ పత్రం అంటూ ఏదీ ఇవ్వదు. బయటి నుంచి వచ్చి దరఖాస్తు పెట్టుకుని పౌరులైనవాళ్లకే అలాంటి పత్రం ఉంటుంది. కనుక మీ అమ్మగారి దగ్గర అది లేకపోవడం లోపం కాదు, నా దగ్గరా లేదు. మనలాంటివాళ్లం చూపగలిగింది ఎక్కడ పుట్టాం, ఎప్పుడు పుట్టాం, అవసరమైతే ఎవరికి పుట్టాం అన్నవే. 1955 నాటి పౌరసత్వ చట్టం మూడో సెక్షన్ దీన్ని మూడు కాలాలుగా విడదీసింది. 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 వరకు భారతదేశంలో పుట్టినవాళ్లు పుట్టుకతోనే పౌరులు, తల్లిదండ్రులెవరన్నది అడగరు. 1987 జూలై 1 నుంచి 2004 డిసెంబర్ 2 వరకు పుట్టినవాళ్లకు పుట్టే నాటికి తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలి. ఆ తర్వాత పుట్టినవాళ్లకు ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమంగా వచ్చినవారు కాకూడదు.

మీ ఇంట్లో దీన్ని పెట్టి చూద్దాం. జై తెలంగాణ లొల్లి అంటే 1969 ఉద్యమం. అప్పటికి మూడేళ్లంటే మీ అమ్మగారు 1966 ప్రాంతంలో పుట్టారు. ఆధార్ 1968 అన్నా, ఓటరు కార్డు 1964 అన్నా, ఆవిడ మాట 1966 అన్నా – ఏది తీసుకున్నా 1987కు చాలా ముందే. మీరు భయపడుతున్న తేడా పౌరసత్వానికి సంబంధించినంత వరకు తేడాయే కాదు. ఆవిడ తేదీ తేల్చాల్సిన అవసరం లేదు, భువనగిరి దగ్గరి పల్లెలో పుట్టారని చూపగలిగితే చాలు. పింఛను కోసమైతే ఏడాది అటూ ఇటూ లెక్కకొస్తుంది, పౌరసత్వంలో అది లెక్కకు రాదు. మీరు 1988, మీ తమ్ముడు 1991. కాబట్టి మీ ఇద్దరికీ మీ పుట్టుక కాగితం ఒకటి, అమ్మదో నాన్నదో ఒకటి కావాలి. మీ పిల్లలు 2004 తర్వాత పుట్టి ఉంటే వాళ్లకు రేపు మీదీ, మీవారిదీ కూడా కావాలి. అమ్మగారి దగ్గర ఒక్క గట్టి కాగితం సంపాదిస్తే మీ ఇద్దరికీ, ఆపై మీ పిల్లలకూ అదే పునాది.

ఆధార్ చట్టం తొమ్మిదో సెక్షన్‌లోనే ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని ఉంది. అది ఇక్కడ నివసించేవాళ్లకు ఇచ్చేది. ఏడాదిలో 182 రోజులు ఉన్న విదేశీయులకూ వస్తుంది. మొదటి విడతగా 2025లో బీహార్‌లో చేసిన సవరణలో ఎన్నికల సంఘం మొదట 11 పత్రాల జాబితా ఇచ్చి ఆధార్‌ను, ఓటరు కార్డును, రేషన్ కార్డును బయట పెట్టింది. సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 8న ఆధార్‌ను పన్నెండోదిగా చేర్చమంది, అదీ మనిషి ఎవరో గుర్తించడానికే గానీ పౌరసత్వానికి కాదని స్పష్టం చేస్తూ. బీహార్ ముసాయిదా ఓటర్ల జాబితాలో దాదాపు 65 లక్షల పేర్లు కనిపించలేదు. అందులో చనిపోయినవాళ్లు, రెండుచోట్ల ఉన్నవాళ్లు, ఊరు వదిలినవాళ్లు ఉన్నారన్నారు. జాబితా శుభ్రంగా ఉండాలన్నదానితో నాకు పేచీ లేదు. ఓటు పౌరులదే అని రాజ్యాంగం 326వ అధికరణం చెప్తోంది, దాన్ని కాపాడాల్సిందే.

నా పేచీ ఎక్కడంటే, ఆ 11 పత్రాల్లో కుల ధ్రువపత్రం ఉంది. తహసీల్దారు ఆఫీసులో కుల ధ్రువపత్రం ఇచ్చేముందు ఎవరూ పౌరసత్వం విచారించరు. రేషన్ కార్డు, ఇంటి పన్ను రసీదు, బడి టీసీ చూసే ఇస్తారు. ఆ చూసిన కాగితాలు చెల్లవు, వాటి మీద పుట్టిన కాగితం చెల్లుతుంది! ఓటరు కార్డు సంగతి ఇంకా బాధ. పౌరులు కానివాళ్లను ఓటర్లుగా నమోదు చెయ్యకూడదని 1950 నుంచీ చట్టం ఉంది. మీ అమ్మగారిని నమోదు చేసిన అధికారి ఆ చట్టం కిందే చేశాడు. ఢిల్లీ, ముంబైల్లో ఓటర్లను తొలగించబోయిన వివాదంలో సుప్రీంకోర్టు 1995లో చెప్పింది కూడా ఇదే. పేరు అప్పటికే జాబితాలో ఉందంటే పద్ధతి ప్రకారం విచారించే చేర్చారని భావించాలి, తీసేయాలంటే కారణం చెప్పి నోటీసు ఇచ్చి వాళ్ల మాట వినాలి. ముప్పై ఏళ్లుగా ఓటేస్తున్న మనిషి ఓటరు కార్డును ప్రభుత్వమే అనుమానించడం అంటే తన సంతకాన్ని తానే కాదనడం. అది ఒక్కటే చివరి రుజువని నేను అనను. కానీ ఎదురు ఆధారం దొరికేదాకా దానికి విలువ ఉండాలి, రుజువు చేసే బరువు అధికారి మీద ఉండాలి.

ఏది చెల్లాలని మీరు అడిగారు. నా మటుకు నాకు, ఏ పేచీ లేని రోజుల్లో, వేరే పని కోసం రాసిన పాత కాగితం అన్నిటికంటే నమ్మదగ్గది. గొడవ మొదలయ్యాక నిన్న తెచ్చుకున్న సర్టిఫికెట్ కన్నా 1975లో బడి రిజిస్టరులో పడ్డ ఒక్క వరుస మేలు. ఎన్నికల సంఘం జాబితాలోనూ ఈ ఇంగితం ఒకచోట ఉంది. 1987 జూలై 1కి ముందు ప్రభుత్వం, స్థానిక సంస్థలు, బ్యాంకులు, పోస్టాఫీసు, ఎల్ఐసీ, ప్రభుత్వ రంగ సంస్థలు ఇచ్చిన ఏ గుర్తింపు కార్డయినా, పత్రమైనా చెల్లుతుందన్నారు. మీ అమ్మగారి విషయంలో నేను పట్టుకోమనేది దీన్నే.

అయితే ఆడవాళ్లకు ఇందులో ఒక అడ్డంకి ఉంది. మగవాడి పేరు పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఒకటే. మన ఆడపిల్లకు పెళ్లితో ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది. "మణి" పోయి "అమ్మ" చేరుతుంది. పొలం ఆమె పేరున ఉండదు, కరెంటు బిల్లు ఆమె పేరున రాదు. పుట్టింట్లో ఆమె ఎవరో చెప్పే కాగితానికీ, అత్తింట్లో ఆమె ఎవరో చెప్పే కాగితానికీ మధ్య వంతెన ఉండదు. అస్సాంలో జాతీయ పౌర పట్టిక తయారుచేసినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. దాదాపు 48 లక్షలమంది, ఎక్కువ భాగం పెళ్లయిన ఆడవాళ్లు, తాము ఫలానావారి కూతుళ్లమని చూపడానికి గ్రామ పంచాయతీ కార్యదర్శి ఇచ్చిన పత్రం పెట్టారు. హైకోర్టు అది చెల్లదంది. 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ పత్రం పౌరసత్వ రుజువు కాకపోయినా, తండ్రికీ కూతురికీ మధ్య ముడిగా చెల్లుతుందని, అందులోని నిజానిజాలు పరిశీలించి తీసుకోవాలని చెప్పింది. ఆ పట్టిక 2019 ఆగస్టు 31న వచ్చినప్పుడు 19 లక్షలకు పైగా మనుషులు బయట ఉండిపోయారు. తర్వాత 2024 జూలైలో అస్సాం మనిషి ఒకరి కేసులో అదే కోర్టు, పేరు అక్షరాల్లో, తేదీల్లో చిన్న తేడాలున్నాయని మనిషిని విదేశీయుడనకూడదని తేల్చింది. బాలమణి, బాలమ్మ ఒకరేనా అని ఎవరైనా గద్దిస్తే ఈ తీర్పు గుర్తుంచుకోండి.

ఇప్పుడు పనిలోకి దిగుదాం. నాన్నగారి ట్రంకు పెట్టె ఉంటే తెరవండి. అమ్మమ్మ ఇంట్లో కూడా అడగండి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం మొదలైనప్పుడు ఊళ్లో ఇచ్చిన కార్డు ఎక్కడైనా మిగిలిందేమో చూడండి. కుటుంబసభ్యుల పేర్లు, వయసులు అందులో ఉంటే బంగారం. పోస్టాఫీసు పుస్తకం, ఎల్ఐసీ కాగితం, ప్రభుత్వం ఇచ్చిన ఇంటిస్థలం పట్టా ఏదైనా 1987కు ముందుదైతే పక్కన పెట్టండి. తాతగారికి భూమి ఉంటే పాత పహాణీ నకలు తీసుకోండి. అది అమ్మగారి పుట్టుకను చెప్పదు, కుటుంబం ఆ ఊరిదని చెప్తుంది. పాత కాగితాల్లో మండలం పేరు కోసం వెతకకండి. మండలాలు వచ్చింది 1985లో, అంతకుముందువన్నీ తాలూకాలే. కనుక "భువనగిరి తాలూకా, నల్లగొండ జిల్లా, ఆంధ్రప్రదేశ్" అని ఉంటుంది. ఇప్పుడు అదే ఊరు తెలంగాణలో యాదాద్రి భువనగిరి జిల్లా. సూరత్‌లోని అధికారికి రెండూ వేర్వేరు ఊళ్లలా కనిపిస్తాయి. మీరే ఒక తెల్లకాగితం మీద 2014లో రాష్ట్రం, 2016లో జిల్లా మారాయని రాసి జతపరచండి.

పేర్ల తేడాకు నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించండి, అందులో బాలమణి, బాలమ్మ రెండు పేర్లూ, పుట్టింటి, అత్తింటి ఇంటిపేర్లు రెండూ రావాలి. ఊళ్లో పంచాయతీ కార్యదర్శి దగ్గర ఫలానావారి కూతురు, ఫలానావారి భార్య అని పత్రం తీసుకోండి. మధ్యవాళ్లకు డబ్బిచ్చి పాత తేదీతో ఏదీ చేయించకండి. ఓటర్ల నమోదులో తెలిసి తప్పుడు వివరం రాస్తే ఏడాది దాకా జైలుశిక్ష ఉంది. అంతకంటే ముఖ్యం, ఒక్క దొంగకాగితం దొరికితే మీ దగ్గరున్న అసలైన కాగితాలన్నిటినీ కూడా అనుమానంగా చూస్తారు.

మీ జనన ధ్రువపత్రంలో పేరు లేకపోవడం అరుదైన విషయమేమీ కాదు, అప్పట్లో ఆసుపత్రి నుంచి వెళ్లేసరికి పిల్లకు పేరు పెట్టేవాళ్లు కాదు. పేరు చేర్చడానికి చట్టం 15 ఏళ్లు గడువు ఇచ్చింది, దాటినవాళ్ల కోసం పలుసార్లు పొడిగించారు. కార్పొరేషన్‌లోని జనన మరణాల విభాగంలో అడగండి. ఆలోగా ఆ సర్టిఫికెట్‌కు మీ పదో తరగతి సర్టిఫికెట్ జతచేస్తే, తల్లిదండ్రుల పేర్లు, తేదీ రెండింటిలో కలిస్తే ఆ ఆడశిశువు మీరేనని తెలుస్తుంది.

మీ తమ్ముడి పదో తరగతి మెమో వయసుకు గట్టిదే, ఎన్నికల సంఘం జాబితాలోనూ ఉంది. అందులో పుట్టిన ఊరు ఉండదు, అదొక్కటే లోటు. జననం నమోదు చేయించుకోవాలంటే ముందు ఆ ఊరి పంచాయతీ నుంచి రిజిస్టరులో లేదన్న పత్రం తీసుకుని, అఫిడవిట్లతో మీసేవలో దరఖాస్తు పెట్టాలి. ఏడాది దాటిన జననాలకు ఫస్ట్‌క్లాస్ మెజిస్ట్రేటు ఉత్తర్వు కావాలని చట్టంలో ఇదివరకు ఉండేది. 2023 సవరణ తర్వాత జిల్లా కలెక్టరు, ఆర్డీవో స్థాయి మెజిస్ట్రేట్లే ఇవ్వొచ్చు. అమ్మమ్మ గానీ ఆ పురుడు పోసినవాళ్లు గానీ బతికి ఉంటే వాళ్ల మాట రాయించండి. చూసినవాళ్ల మాట అది, నాలాంటి పంతులు ఊహ కంటే ఎంతో విలువైనది.

చివరగా, మీరు ఉత్తరంలో ఒక్క ముక్కలో అనేసిన సంగతి, నాకు అన్నిటికంటే ఆశ కలిగించింది: అమ్మ రెండో తరగతి దాకా చదివింది. బడిలో మిగతా కాగితాలు పారేస్తారేమో గానీ అడ్మిషన్ రిజిస్టరును పారెయ్యకూడదు, అది శాశ్వతంగా ఉంచాల్సిన పుస్తకం. అందులో పిల్ల పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, పుట్టిన తేదీ, చేరిన తేదీ ఒకే వరుసలో ఉంటాయి. ఆ తేదీ నాలాంటివాడెవడో ఊహించి వేసిందే కావచ్చు. అయినా 1970ల మొదట్లో ఆ ఊళ్లో ఆ తండ్రికి ఆ కూతురు ఉందన్నది మాత్రం ఊహ కాదు. అమ్మగారిని వెంటబెట్టుకుని వెళ్లండి. బడి మూతపడి ఉంటే మండల విద్యాశాఖ కార్యాలయంలో అడగండి. హెడ్మాస్టరు కొత్తవాడైతే బీరువా అడుగు అరలో అట్టలు ఊడిన పొడవాటి పుస్తకాలు చూడమనండి. ఇంటిపేరుతో వెతికితే దొరక్కపోవచ్చు, చాలాచోట్ల ఆడపిల్లలకు ఇంటిపేరు రాయలేదు. తండ్రి పేరుతో వెతకమనండి. అప్పట్లో ఆడపిల్లల్ని ఒకటి రెండేళ్లు ఆలస్యంగానూ చేర్చేవాళ్లు, కాబట్టి 1971 ఒక్కటే చూసి ఆపొద్దు, 1974 దాకా అన్ని పుటలూ తిప్పించండి. బాలమణి అని గాని, బాలమ్మ అని గాని కనిపిస్తే ఆ పుట నకలు మీద సంతకం, ముద్ర, తేదీ వేయించుకోండి.